కాశీలో బావగారు, బాత్రూంలో మేస్త్రి

మా బావగారి బాత్రూంలో మొదటి సుత్తి దెబ్బ పడిన రాత్రే ఆయన అక్కను తీసుకుని బెజవాడలో సంఘమిత్ర ఎక్కేశారు. ఇది కాకతాళీయం కాదు. ఇంట్లో పని మొదలయ్యేసరికి ఊరు దాటి ఉండాలన్నది ఆయన పద్ధతి. కిటికీలు మార్పించినప్పుడు తిరుపతి, ఇంటికి రంగులేయించినప్పుడు రామేశ్వరం, బాత్రూం వంతు వచ్చేసరికి కాశీ. పని ఎంత పెద్దదైతే రైలు అంత దూరం పోతుంది.

"దుమ్ము పడదోయ్ నాకు. డాక్టరు గట్టిగా చెప్పాడు" అంటారు. ఇలాంటివారు మీ చుట్టాల్లోనూ ఒకరుండే ఉంటారు, డాక్టరు మారతాడేమో గానీ దుమ్ము అదే. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తూ వంటిల్లు పగలగొట్టించి పోయే రకం ఇంకా కష్టం. ఇక్కడ మేస్త్రి పక్క మీదికి చేరే వేళకి అక్కడ వాళ్ళకి తెల్లవారి, కాఫీ తాగి, హుషారొస్తుంది. ఆ లెక్కన మా బావగారు చాలా నయం.

ఆయన ఓ బ్యాంకులో ఆడిటరుగా చేసి రిటైరయ్యారు. వెళ్ళేముందు ఫ్రిజ్జుని హాల్లోకి లాగించి దుప్పటి కప్పారు, టీవీకి పాత చీర చుట్టారు, దేవుళ్ళను మా ఇంటికి పంపారు, తాళంచెవితో పాటు నాలుగు పేజీల కాగితం నా చేతిలో పెట్టారు. టైల్స్ పెట్టెలన్నిటి మీదా ఒకే బ్యాచి నంబరు ఉండాలట. ఇసుక బస్తాలు లిఫ్టులో ఎక్కించకూడదట. మేస్త్రికి టీ పదకొండింటికి ఒకటి, నాలుగింటికి ఒకటి. బ్యాచి నంబరు సంగతి నిజమే, అది కలవకపోతే ఒకే గోడ మీద రెండు తెలుపులు కనిపిస్తాయి. కానీ ఆ నాలుగు పేజీల్లో అసలు కావలసింది ఒక్కటీ లేదు. గీజర్ ఏ గోడకి? గోడ టైలు తలుపు ఎత్తు దాకానా, సీలింగు దాకానా? అడిగితే, "అక్కణ్ణుంచి చెప్తాగా!" అన్నారు.

అక్కణ్ణుంచి చెప్పడం మర్నాడు బల్లార్షా దాటగానే మొదలైంది. "వాటం... నాని ట్రాప్ వైపు... వాటం..." అని రెండు ముక్కలు వినపడేవి, అంతలో అడవి వచ్చేది, లైను తెగేది. మా మేస్త్రి తాపీ పట్టి తల నెరిసినవాడు. నావైపు జాలిగా చూసి, "నీళ్ళు తలుపు వైపు పోయేట్టు ఎవడన్నా పెడతాడా సార్?" అన్నాడు.

తెలుగువాళ్ళు కాశీకి వెళ్తే తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలంటారు. మేస్త్రి కూడా పనికి తొమ్మిది రోజులే చెప్పాడు. రెండు తొమ్మిదులూ కుదిరాయని, ఇది విశ్వేశ్వరుడి పిలుపేనని బావగారు మురిసిపోయారు. పురోహితుడి తొమ్మిదికీ మేస్త్రి తొమ్మిదికీ ఉన్న తేడా, అన్నేళ్ళు లెక్కలు తనిఖీ చేసిన మనిషికి తెలియకపోవడం విచిత్రం.

పాతవన్నీ పీకి, వాటర్‌ప్రూఫింగ్ చేశాక, నేలంతా నీళ్ళు కట్టి రెండు రోజులు ఉంచుతారు. కింది ఇంటి కప్పు చెమ్మగిల్లకపోతే పని గట్టిదన్నమాట. నీటి అంచున గోడ మీద పెన్సిల్ గీత గీసి, పూటకో ఫోటో పంపమన్నారు బావగారు. బెజవాడ ఎండకి నీళ్ళు గీత నుంచి గోరంత దిగాయి. ఆయనకది లీకు! నాతో ఒక్క మాటైనా అనకుండా కాశీ నుంచి నేరుగా కింది ఫ్లాటు ఆవిడకి ఫోన్ చేసి, "అమ్మా, మీ సీలింగు ఓసారి తడిమి చూస్తారా?" అని అడిగారట. పాపం ఆవిడ స్టూలెక్కి తడిమింది. పొడిగా ఉంది. స్టూలు దిగి సరాసరి పైకొచ్చి, డ్రిల్లింగు మోత గురించి అన్నాళ్ళుగా దాచుకున్నదంతా నాకు వినిపించి వెళ్ళింది.

"ఎందుకండీ ఇంత అవస్థ, తిరిగొచ్చాకే పెట్టించుకోవలసింది కదా" అని ఒక రాత్రి ఉండబట్టలేక అన్నాను. ఆయన దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. "అహల్యాబాయి హోల్కర్ మహేశ్వర్‌లో కూర్చుని కాశీలో విశ్వనాథుడి గుడే కట్టించిందోయ్, 1780లో. నేను కాశీలో కూర్చుని బెజవాడలో ఒక్క బాత్రూం చేయించలేనా?" చరిత్రను ఈ పనికి వాడుకున్నవాణ్ణి నేనెక్కడా చూడలేదు. ఆ మహాతల్లికి వీడియో కాల్ లేదు కాబట్టి అక్కడి మేస్త్రులు ప్రశాంతంగా పని చేసి ఉంటారు.

మా మేస్త్రికి ఆ భాగ్యం లేదు. ఒక సాయంత్రం దశాశ్వమేధ ఘాట్‌లో గంగా హారతి. అక్క పడవలో చేతులు జోడించి కూర్చుంది. పక్కన బావగారు వీడియో కాల్‌లో ఉన్నారు. ఇంటికి బయల్దేరబోతున్న మేస్త్రిని ఆపి, "రూపాయి బిళ్ళతో నిన్న వేసిన టైల్స్ ఒక్కొక్కటీ కొట్టు. డొల్ల ఉందేమో వింటాను" అన్నారు. టైలు కింద మాలు సరిగ్గా పరుచుకోకపోతే బోలుగా మోగుతుంది, పరీక్ష మంచిదే. మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని టక్, టక్, టక్ అని వరస మొదలుపెట్టాడు. అవతల శంఖాలు, గంటలు, వేలమంది జనం.

"ఆగు! అది డొల్ల!"

"సార్, ఆ మోత మీవైపుదండి. గంట."

"గంటకీ డొల్లకీ తేడా తెలీదటయ్యా నాకు? మళ్ళీ కొట్టు."

మళ్ళీ కొట్టాడు. ఫోన్ పట్టుకున్న నాకు ఒక కంట హారతి వెలుగు, ఒక కంట సిమెంటు అంటిన వేళ్ళు. "సర్లే, ఆ టైలు మీద గుర్తు పెట్టు, వచ్చాక చూస్తా" అని గంగమ్మకి ఓ దణ్ణం పడేశారు.

విశ్వనాథుడి గుళ్ళోకి సెల్‌ఫోన్ రానివ్వరు. బయట లాకర్లో పెట్టి వెళ్ళాలి. బావగారు దర్శనం క్యూలో ఉన్నప్పుడే ఎలక్ట్రీషియన్ గోడ కోసే మిషను పట్టుకొచ్చి "గీజర్ స్విచ్చి ఎక్కడండీ?" అన్నాడు. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తే నాథుడు లేడు. ఊరెళ్తూ అక్క నా చెవిలో వేసిన మాట ఒకటుంది: "స్విచ్చి బయట పెట్టించరా, నాకు చెయ్యి అందే ఎత్తులో." అదే చెప్పాను. గాడి కొట్టడం, పైపు వేయడం, పూడ్చడం చకచకా అయిపోయాయి. మొత్తం పనిలో సందేహం లేకుండా జరిగింది అదొక్కటే.

లాకర్లోంచి ఫోన్ తీయగానే చేశారు. "నేను దర్శనంలో ఉండగా పెట్టేశారా!" ఆ గొంతులో కోపం వెతికితే దొరకలేదు, సంబరం పొంగిపోతోంది. అప్పుడర్థమైంది నాకు. దుమ్ము, డాక్టరు అంతా సాకు. ఊళ్ళో ఉంటే స్విచ్చి ఆయన పెట్టించింది అవుతుంది, వంకర వస్తే ఆయన వంకరే అవుతుంది. ఊళ్ళో లేని మనిషికి ఆ ఇంట్లోని ప్రతి లోపం మీదా పూర్తి హక్కు. రైలు టికెట్టు ఆ హక్కు కోసం కొన్నదే.

అలాగని మనిషి చెడ్డవాడు కాడు. శనివారం బట్వాడా మధ్యాహ్నానికల్లా మేస్త్రి ఫోన్‌కి చేరిపోయేది, ఒక్క రూపాయి బేరం లేదు. కాశీలో ఇష్టమైనదేదో వదలాలి కదా అని కాకరకాయ వదిలేశారట. జన్మలో ముట్టింది లేదు! "ఆ ఫోన్‌ని వదిలేయండీ, పుణ్యముంటుంది" అందట అక్క.

తిరిగొచ్చాక మంచినీళ్ళైనా తాగకుండా ముందు మేస్త్రి ముంజేతికి స్వయంగా కాశీదారం కట్టారు, అతని పిల్లలకి బొమ్మలిచ్చారు, తర్వాత జేబులోంచి రూపాయి బిళ్ళ తీశారు. గుర్తు పెట్టిన టైలు గట్టిగా మోగింది. నేలకి చెంప ఆనించి, ఒక కన్ను మూసి వాటం చూశారు. చెంబెడు నీళ్ళు పోశారు. అవి బుద్ధిగా నాని ట్రాప్‌లోకి వెళ్ళిపోయాయి. ఆయన మొహం చిన్నబోయింది. లేచి ఇవతలికి వచ్చి స్విచ్చి చూశాక గానీ తేరుకోలేదు.

ఇప్పుడు ఎవరొచ్చినా కాఫీ అవగానే ఆ గోడ దగ్గరికి తీసుకెళ్తారు. "చూశారా ఎంత కిందకి పెట్టారో! నేను ఊళ్ళో లేనప్పుడు చేశారండీ." అక్క ఏమీ అనదు. మునివేళ్ళ మీద లేవనక్కర్లేకుండా స్విచ్చి వేసుకుని లోపలికి పోతుంది.

ఈమధ్య వంటింటి గట్టు మార్చాలంటున్నారు. అరుణాచలంలో పౌర్ణమి ఎప్పుడో క్యాలెండర్లో చూస్తున్నారు కూడా. కొలతలకొచ్చిన మేస్త్రి టేపు తీయకముందే అడిగాడు: "సార్, ఊళ్ళో ఉంటారా, వెళ్తారా?"

"వెళ్తే?"

"వెళ్తే రేటు ఎక్కువండి. ఉండేవాళ్ళు పూటకోసారి అడుగుతారు, వెళ్ళేవాళ్ళు గంటకోసారి."