చదువరి లక్షణ నిరూపణ

స్థానిక పత్రికలను పాఠకులే తమ డబ్బుతో నిలబెట్టుకోవాలన్న సిద్ధాంతానికి తెలుగునాట వ్యతిరేకులు కనిపించరు. దానిని సభలలో చప్పట్లతో ఆమోదించినవారందరూ తలా ఒక ఏడాది చందా కట్టి ఉంటే, ఎవరి దయాదాక్షిణ్యాలపైనా ఆధారపడని పత్రిక ఈపాటికి ప్రతి జిల్లాలోనూ వెలువడుతూ ఉండేది.

పత్రిక వెలను పాఠకుడే భరిస్తున్నాడన్న నమ్మకం ముందుగా పరిశీలించదగినది. అతడు చెల్లించే మొత్తం కాగితానికి, అచ్చుకు, రవాణాకు కూడా చాలదు గనుక లోటును ప్రకటనదారు పూడుస్తాడు. నెలాఖరున పాత పేపర్లను కిలోల లెక్కన అమ్మి ఆ కాస్త మొత్తంలోనూ కొంత వెనక్కి రాబట్టుకునే పాఠకుడు, సంపాదకీయ స్వాతంత్ర్యం గురించి మాత్రం యజమాని స్వరంతోనే మాట్లాడతాడు.

1974లో విశాఖపట్నంలో ప్రారంభమైన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలను ప్రవేశపెట్టగా, తక్కిన దినపత్రికలూ అదే బాట పట్టడంతో మండల స్థాయి వార్తలకు అచ్చులో చోటు దొరికింది. ఆ వార్తలను తెచ్చేవాడు కంట్రిబ్యూటర్, అనగా జీతం లేని విలేకరి. అచ్చయిన వార్త పొడవును కొలిచి అతనికి ఇచ్చే స్వల్ప పారితోషికానికి లైన్ అకౌంట్ అని పేరు. దానితో ఇల్లు గడవదు కాబట్టి, ప్రకటనలు సేకరించి కమిషన్ పొందే వెసులుబాటు కూడా అతనికి ఉంటుంది. రేషన్ డీలర్ తూకంలోని మోసాన్ని ఉదయం రాయవలసిన వ్యక్తి, సంక్రాంతి శుభాకాంక్షల ప్రకటన కోసం సాయంత్రం ఆ డీలర్ గుమ్మంలోనే నిలబడవలసి వస్తుంది. ఈ ఏర్పాటులో దోషం ఎవరిదని ప్రశ్నిస్తే, వీధి వినాయకుడికి అడిగినంత రాసిచ్చి పత్రిక బిల్లు దగ్గర చిల్లర వెతుక్కునే పాఠకుడు క్షణమైనా తడుముకోకుండా కంట్రిబ్యూటర్‌దేనని తీర్పు చెబుతాడు.

ఈ పద్ధతి పరిపక్వ దశకు చేరినప్పుడు దానిని పెయిడ్ న్యూస్ అంటారు. అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకొని అతని ప్రచారాన్ని వార్త వేషంలో అచ్చువేయడమే దాని సారం. 2009 ఎన్నికల వేళ జరిగిన ఈ వ్యాపారాన్ని ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ పశ్చిమ గోదావరి జిల్లాలో పరిశీలించింది. ఇదే విషయంపై ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఉపసంఘ సభ్యులు పరంజయ్ గుహ ఠాకుర్తా, కె.శ్రీనివాస్‌రెడ్డి పత్రికల పేర్లతో సహా నివేదిక సమర్పించగా, కౌన్సిల్ 2010లో పేర్లు లేని క్లుప్త రూపాన్ని ఆమోదించింది; పూర్తి పాఠం బయటపడడానికి మరుసటి ఏడాది సమాచార కమిషన్ జోక్యం అవసరమైంది. ఒకే స్థానానికి పోటీపడిన ప్రత్యర్థులిద్దరికీ ఒకే పేజీలో విజయం ఖాయం చేసిన ఉదంతాలు ఆ నివేదికకు ఎక్కాయి. భిన్న దృక్పథాలకు సమాన స్థానం అన్న ఆదర్శం అంత నిక్కచ్చిగా, అంత నగదుతో, మరెప్పుడూ అమలు కాలేదేమో.

వేరే దారులు లేకపోలేదు. 2001లో చిత్తూరు జిల్లా గ్రామీణ మహిళలు తామే విలేకరులై నవోదయం పత్రికను తీసుకువచ్చారు. జహీరాబాద్ సమీపంలోని మాచ్నూరులో 2008లో మొదలైన సంఘం రేడియోను దళిత మహిళలు నడిపారు. అయితే 2006 నాటి కమ్యూనిటీ రేడియో విధానం సొంత వార్తల ప్రసారాన్ని నిషేధించింది: వాన ఎప్పుడు కురుస్తుందో చెప్పవచ్చును గాని, ఆ వానకు కొట్టుకుపోయిన వంతెనను కట్టిన కాంట్రాక్టర్ ఎవరో చెప్పరాదు. ఊరివారి నోట ఊరి వార్త వినడం ప్రమాదకరమని ప్రభుత్వాలు పాఠకులకన్నా ముందే గ్రహించాయి.

ఇంతకూ పాఠకుడు ఇవ్వడానికి సిద్ధపడితే సమస్య తీరుతుందా అంటే, అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది. చిన్న పట్టణంలో చందాదారు, ప్రకటనదారు, వార్తకు ఎక్కవలసిన వ్యక్తి తరచుగా ఒక్కరే అయి ఉంటారు. తన అభిప్రాయానికి భిన్నమైన వ్యాసం కనిపించిన మర్నాడే పత్రిక మానేసే హక్కును అతడు ఎలాగూ వినియోగించుకుంటాడు. డబ్బు కట్టాక దానికి తోడు సలహా ఇచ్చే హక్కు కూడా చేరుతుంది. మురుగు కాలువల ఆక్రమణలపై నిర్భయంగా వరుస కథనాలు రావాలని, వీధి చివర నుంచి మొదలుపెట్టాలని, ఖర్చుకు వెనకాడవద్దని అతడు సంపాదకుడికి లేఖ రాసి, కథనాలు మూడో ఇంటితో ముగిస్తే పాఠకులకు విసుగు రాదని సూచిస్తాడు. నాలుగో ఇంటి మెట్లు కాలువ మీదనే ఉన్నాయన్నది లేఖలో ఉండదు, చిరునామాలో ఉంటుంది.