కేజీబీకి జీతం లేని గుమాస్తా

ఎయిడ్స్ వైరస్‌ని అమెరికా సైన్యం ప్రయోగశాలలో తయారుచేసిందని నేను చాలా ఏళ్ళు నమ్మాను. నమ్మి ఊరుకుంటే నష్టం నాతోనే పోయేది. టీ బడ్డీ దగ్గర చెప్పాను, స్టాఫ్ రూంలో చెప్పాను, పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరివాళ్ళకి చెప్పాను. పైగా నేను గుంటూరు జిల్లాలో ఒక కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి. వైరస్ అన్న మాట నా నోట వస్తే వినేవాళ్ళు సర్దుకుని కూచునేవాళ్ళు.

నేను చెప్పిన కథ ఇదీ. మేరీలాండ్‌లో ఫోర్ట్ డెట్రిక్ అని అమెరికా సైన్యానికి జీవాయుధాల కేంద్రం ఒకటి ఉండేది (ఇంతవరకు నిజమే, అబద్ధానికి ఆ మాత్రం నిజం కావాలి). అక్కడ గొర్రెలకి వచ్చే విస్నా వైరస్‌ని, మనుషుల్లో ఉండే ఇంకో వైరస్‌తో 1977 ప్రాంతంలో అతికించారు. ఖైదీల మీద ప్రయోగించి చూశారు. వాళ్ళు విడుదలై న్యూయార్క్ వెళ్ళి నలుగురికీ అంటించారు. ‘విస్నా’ అనే చోట నేను గొంతు కాస్త తగ్గించేవాణ్ణి. ఎదుటివాడు టీ గ్లాసు కింద పెట్టి ముందుకి వంగేవాడు. ఆ వంగడం చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

కథ పుట్టిల్లు ఎక్కడో కాదు, ఢిల్లీ. 1983 జులైలో ‘పేట్రియాట్’ అనే ఇంగ్లీషు దినపత్రికలో ఒక ఉత్తరం పడింది. రాసినవాడు పేరున్న అమెరికన్ శాస్త్రవేత్త అని వేశారు గానీ పేరు వెయ్యలేదు. అంత పేరున్నవాడికి పేరు లేదేమని ఎవరికీ అనుమానం రాలేదు. ఎయిడ్స్ పెంటగాన్ చేసిన పనేననీ, ఆ ప్రయోగాలు ఇక పాకిస్తాన్‌కి మారుస్తున్నారనీ, ముప్పు మనకేననీ అందులో సారాంశం. పారిస్‌లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళు ఆ వైరస్‌ని వేరుచేసి ప్రకటించి అప్పటికి రెండు నెలలే. మద్రాసులో డాక్టర్ సునీతి సాల్మన్ బృందం మన దేశంలో మొదటి కేసులు బయటపెట్టింది 1986లో. రోగానికి మూడేళ్ళ ముందే పుకారు దిగి మకాం పెట్టిందన్నమాట.

ఉత్తరం వెనకున్నది సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ. రెండేళ్ళు దాన్ని కదిలించలేదు. 1985 సెప్టెంబరులో బల్గేరియా గూఢచారి శాఖకి ఈ ప్రచారం సంగతి రాసి పంపారు. అక్టోబరులో మాస్కో వారపత్రిక ‘లితెరతూర్నయ గజెత’ పెద్ద వ్యాసం వేసి, ఆధారంగా ఢిల్లీ పత్రికని చూపించింది. తూర్పు బెర్లిన్‌లో యాకబ్ సెగల్ అనే జీవభౌతిక శాస్త్రవేత్త దానికి శాస్త్రం తొడుగు తొడిగాడు. 1986లో హరారేలో అలీన దేశాల శిఖరాగ్ర సభ జరిగితే, అక్కడ ఆయన వాదన చిన్న పుస్తకంగా చేతులు మారింది. 1987 నాటికి కథ దాదాపు 80 దేశాలకి, 30కి పైగా భాషల్లోకి పాకింది. ఆ మార్చిలో అమెరికాలోనే సీబీఎస్ సాయంత్రం వార్తల్లో డాన్ రాథర్ సోవియట్ సైనిక పత్రిక ఆరోపణగా దాన్ని చదివాడు.

నా దాకా వచ్చింది ఒక పేపరు కత్తిరింపు. స్నేహితుడొకడు చొక్కా జేబులోంచి మడత విప్పి చూపించాడు. అప్పట్నుంచీ “మన ఢిల్లీ పేపర్లో వచ్చింది, మాస్కో పేపర్లోనూ వచ్చింది” అని రెండు సాక్ష్యాలు పలికేవాణ్ణి. రెండు సంతకాలూ ఒక్క చేతివేనని నాకు తోచలేదు. 1977లో జన్యువుల్ని కత్తిరించి అతికించే విద్య ఇంకా తప్పటడుగులు వేస్తోందని మాత్రం నాకు తెలుసు. పాఠం చెప్పేటప్పుడు తెలుసు, టీ బడ్డీ దగ్గరికి వచ్చేసరికి తెలియదు.

ఎందుకు నమ్మానంటే, నమ్మాలని ఉంది గనక. విశాలాంధ్ర పుస్తకాల షాపులో కారుచౌకగా దొరికిన రంగురంగుల సోవియట్ పుస్తకాలతో పెరిగాను. ఉప్పల లక్ష్మణరావు, రారా వంటివాళ్ళు మాస్కోలో కూచుని నాకోసం అనువాదాలు చేసేవారు. అట్టలు వేసుకున్నది కూడా ‘సోవియట్ భూమి’ పత్రిక నున్నటి కాగితంతోనే. ఆ పుస్తకాల్ని ఇప్పటికీ కాదనను. అమెరికా పక్కన చేరి వాదించడానికేమో మొహం చెల్లేది కాదు. అలబామాలో టస్కీగీ దగ్గర నల్లజాతి మగవాళ్ళకి సిఫిలిస్ ఉందని తెలిసీ వైద్యం చెయ్యకుండా 1932 నుంచి 1972 దాకా చూస్తూ కూర్చున్నది ఆ ప్రభుత్వ వైద్యులే. కమ్యూనిస్టుల్ని ఓడించడానికి కేరళలో ఒకసారి, బెంగాల్లో ఒకసారి కాంగ్రెస్‌కి డబ్బిచ్చామని ఢిల్లీలో వాళ్ళ రాయబారిగా పనిచేసిన మోయినిహాన్ 1978లో పుస్తకంలోనే రాసుకున్నాడు. మన ఎన్నికల్లో వేలు పెట్టినవాళ్ళు ఏ పనైనా చేస్తారు అన్నది నా తర్కం. చేస్తారు సరే, ఇది చేశారా అన్న ప్రశ్న దగ్గర నేను ఆగలేదు. ఆగేవాడికి శ్రోతలుండరు.

ఇంతవరకూ నవ్వుకునే సంగతి. ఇక చెప్పబోయేదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు. డిసెంబరు 1న ఎయిడ్స్ దినం జరపడం మొదలైన కొత్తలో మా కాలేజీలో మీటింగ్ పెట్టి నన్ను మాట్లాడమన్నారు. ఇచ్చిన గంటలో ముప్పాతిక భాగం ఫోర్ట్ డెట్రిక్‌కే సరిపోయింది. బోర్డు మీద విస్నా బొమ్మ కూడా వేశాను. చివర్లో వెనక బెంచీ అమ్మాయి లేచి, “సార్, మా ఊళ్ళో డాక్టరు ఒకే సూది అందరికీ వాడతాడు, దానివల్ల వస్తుందా?” అని అడిగింది. ఆ సభలో అడగవలసిన ప్రశ్న అదొక్కటే. “వస్తుంది, వస్తుంది, అది తర్వాత మాట్లాడుకుందాం” అన్నాను. బెల్లు కొట్టారు. తర్వాత మాట్లాడుకోలేదు. ఆస్పత్రుల దగ్గర డబ్బుకి రక్తం అమ్మేవాళ్ళు ఉన్న రోజులవి. సుప్రీంకోర్టు చెబితే 1998లో గానీ అది ఆగలేదు. తర్వాత దేశంలో హెచ్ఐవీ ఎక్కువున్న రాష్ట్రాల్లో మనదీ చేరింది. నా ఉపన్యాసం వల్లేనని అనను, నాకంత సీను లేదు. ఆ అమ్మాయి ఊళ్ళో ఆ సూది ఎన్నాళ్ళు తిరిగిందో మాత్రం నేను కనుక్కోలేదు.

అసలు తమాషా ఏమిటంటే, నేను బోర్డు మీద బొమ్మ వేసేనాటికే అబద్ధాన్ని కన్నవాళ్ళు దాన్ని వదిలించుకున్నారు. శాస్త్ర సహకారం ఆపేస్తామని అమెరికా గట్టిగా పట్టుకుంటే, 1987 చివరికల్లా సోవియట్ శాస్త్రవేత్తలే ఆ ఆరోపణతో మాకు సంబంధం లేదన్నారు. 1992లో రష్యా విదేశీ గూఢచారి శాఖ అధిపతి ప్రిమకోవ్ అది కేజీబీ పనేనని ఒప్పుకున్నాడు. కేజీబీ అప్పటికి దుకాణం మూసేసింది. గుంటూరు బ్రాంచి మాత్రం నడుస్తూనే ఉంది.

2020 మార్చిలో చైనా విదేశాంగ ప్రతినిధి జావో లిజియాన్, కరోనాని వుహాన్‌కి అమెరికా సైన్యమే తెచ్చి ఉండొచ్చని ట్విట్టర్‌లో పెట్టాడు. నాలుగు రోజుల్లో తెలుగు ఫార్వర్డు రూపంలో మా బంధువుల గ్రూపుకి చేరింది. అందులో ఫోర్ట్ డెట్రిక్ పేరు చూడగానే పాత చుట్టం గుమ్మంలోకి వచ్చినట్టయింది. “ఇది కొత్తేం కాదు, ఎయిడ్స్ అప్పుడూ అక్కడే చేశారు” అని ఠక్కున రాసేశాను. ఒక దేశపు పాత అబద్ధం ఇంకో దేశపు కొత్త అబద్ధానికి సాక్ష్యం పలికింది, నా వేళ్ళతో.

మైక్రోబయాలజీ చదివిన మా మేనకోడలు గ్రూపులో ఏమీ అనలేదు, విడిగా మెసేజ్ పెట్టింది. “మామయ్యా, ఎయిడ్స్ సంగతి ఎక్కడ చదివారు? లింకు ఉంటే పంపుతారా?” పంపుదామనే ‘పేట్రియాట్, 1983’ అని వెతికాను. మొదటి పేజీ నిండా కేజీబీ. కిన్షాసాలో 1959లో తీసిన ఒక రక్త నమూనాలోనే హెచ్ఐవీ దొరికిందని, దాని మూలం మధ్య ఆఫ్రికా చింపాంజీలని శాస్త్రవేత్తలు ఎప్పుడో తేల్చేశారు. జువాలజీ చెప్పినవాడికి, అదీ చింపాంజీల సంగతి, అందరికంటే ఆలస్యంగా తెలిసింది.

మేనకోడలికి “నాదే పొరపాటమ్మా” అని రాసి, గ్రూపులో నా మాట తీసేద్దామని చూశాను. ఈలోగా మా బావమరిది దాన్ని ఇంకో రెండు గ్రూపులకి పంపేశాడు. పంపేముందు పైన ఒక వాక్యం తనే తగిలించాడు: “జువాలజీ ప్రొఫెసర్ గారు ధ్రువీకరించారు.” రిటైరయ్యేదాకా నేను లెక్చరర్నే.