బరువునే చూశాను

నారాయణఖేడ్‌లో పుట్టి పెరిగిన నేను రేగడి గుణం పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సి వచ్చింది. ఆ పుస్తకం కూడా ఆలస్యంగా తెరిచాను.

2018లో కేంద్రం విండ్-సోలార్ హైబ్రిడ్ విధానం తెచ్చాక, గాలిమరలూ సోలార్ ప్యానెళ్లూ ఒకే జాగాలో పెట్టే పనులు మాలాంటి వాళ్ల దగ్గరికి రావడం మొదలైంది. మా ఖేడ్ వైపే ఒక ప్లాంటుకు పునాదులు గీసే పని నాకొచ్చింది. ముందు సోలార్, తర్వాత గాలిమర. నా ధ్యాసంతా గాలిమర మీదే. వందల టన్నుల యంత్రం, దాని కింద ఇరవై మీటర్ల వెడల్పు కాంక్రీటు దిమ్మె. అది కుంగుతుందన్న భయం కంటే, గాలి నెట్టినప్పుడు అటువైపు అంచు నేల వదలకుండా చూడటమే పెద్ద లెక్క. రాత్రులు కూర్చుని ఆ లెక్క చేశాను. మట్టి పరీక్ష బోర్లన్నీ గాలిమర నిలిచే మొరం గడ్డ మీదే వేయించాను. కింద నల్లరేగడిలో ప్యానెళ్లు పరిచే చోట ఒక్క బోరూ లేదు. తేలికవే కదా అని, అన్నిటికీ మీటరున్నర పైల్ ఒకటే గీశాను.

గుంతలు తీస్తుంటే పక్క చేను పెద్దాయన వచ్చి చూశాడు. "సారూ, గింత లోతు సాలదు. మా కంచె కడీలు సూడు, ఏటా వానలకు పైకి లేస్తయి, మల్ల పాతుకుంటం."

"అవి రాళ్లు తాతా, ఇవి లెక్కగట్టి వేసేవి" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ తలెత్తలేను. చిన్నప్పుడు మా నాయనతో కలిసి అవే కడీలను గడ్డపారతో సరిచేసినవాణ్ణి.

వానలు పడ్డాయి. నీళ్లు తాగి ఉబ్బిన రేగడి పైల్‌ను చుట్టూ పట్టుకుని పైకి లాగుతుంది. మీద బరువుంటే అణిగి ఉంటుంది. నా పైల్స్ మీద ఉన్నవి నాలుగు ప్యానెళ్లు, పైగా గాలి కూడా వాటిని పైకే లాగుతుంది. అన్నీ ఒకే ఎత్తు లేచినా ప్యానెళ్లకేం కాకపోయేది. ఒకటి బొటనవేలి మందం లేచింది, పక్కది కదల్లేదు. మధ్యలో పట్టీ మెలి తిరిగి, క్లాంపు దగ్గర అద్దం మూలనుంచి పగిలింది.

దీనికి మందు ఎప్పటినుంచో ఉంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ నల్లమట్టి కోసమే, అడుగున బల్బులా వెడల్పయ్యే అండర్ రీమ్డ్ పైల్‌ను రూపొందించింది. లోతైన రేగడిలో పైల్ కనీసం 3.5 మీటర్లు ఉండాలని పైల్ పునాదుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2911 మూడో భాగం చెబుతుంది. తడీ పొడీ మారే పొరను దాటి, కదలని మట్టిలో ఆ బల్బు పట్టుకోవాలి. లాగుడుకు పైల్ తెగకుండా ఇనుము కూడా అడుగుదాకా దిగాలి.

రేగడి ఉన్నంత మేరా వరుసలు విప్పి మళ్లీ వేయించాం. ఈసారి బోర్ల జాగాలు గుర్తుపెట్టడానికి ఆ పెద్దాయననే బతిమాలి వెంట తీసుకెళ్లాను. పైన ఎర్రగా కనబడితే మొరమే అనుకున్న రెండు చోట్ల, ఆయన పారతో అడుగు లోతు తవ్వి, కింద ఉన్నది రేగడేనని చూపించాడు.