నుదుట బుట్టి నాసిక నైతిని

నేను నుదుట బుట్టి ముక్కుగా మాఱిన చర్మఖండమును. మహారాష్ట్రదేశమున కర్షకకులమున జనించి, ఆంగ్లేయుల సైన్యమునకు ఎడ్లను తోలుచుండిన కావస్జీ యనువాని కనుబొమల నడుమ మొదలుకొని తలవెండ్రుకల యంచువఱకు వ్యాపించి, ఎండకు నల్లబడుటయు, చెమటకు తడియుటయు, చింత కలిగినపుడు ముడుతలు వడుటయు దప్ప వేఱొక వ్యాపార మెఱుగక దినములు గడపుచుంటిని. 1792 నాటి మైసూరు యుద్ధమున వాడు టిప్పు సుల్తాను సైన్యమునకు చిక్కగా, వారు వాని ముక్కును, ఒక చేతిని ఖండించి విడిచిరి. చేయి పోయినవానిని జూచి జాలిపడు లోకమే, ముక్కు పోయినవానిని జూచి యే నేరము చేసెనో యని గుసగుసలాడును. అట్టి మొగముతో వాడొక యేడు మసలెను.

1793లో పుణె సమీపమున, ఇటుకలు చేయు కులమువా డొకడు, ఈ దేశమున చిరకాలముగా సాగుచున్న విద్యతో వానికి క్రొత్త ముక్కు నమర్ప బూనుకొనెను. అతడు మొదట పలుచని మైనపు రేకును ముక్కుమోడుపై నద్ది, చక్కని నాసికాకృతి వచ్చునట్లు తీర్చి, పిదప దానిని చదును చేసి నాపై బఱచి, చుట్టును గీత గీసెను. ఆ గీతవెంట కోసి నన్ను అడుగునుండి యొలిచి లేపెను గాని, కనుబొమల నడుమ నొక సన్నని పట్టెను మాత్రము కోయక విడిచెను. నా ప్రాణమంతయు ఆ పట్టెలోనే యుండెను. ఏలయన, కంటిగూటి లోపలిమూల వెడలి నుదుటి కెక్కు రక్తనాళము తల్లికడుపులోని శిశువునకు బొడ్డుత్రాడువలె దానిగుండనే నాకు నెత్తు రందించుచుండెను.

అటుపిమ్మట పాతగాయపు మచ్చను చెక్కి పచ్చిచేసి, ముక్కురెక్కలుండవలసిన చోటుల చుట్టును, పైపెదవి మీదుగను గాడి కోసి, నన్ను సగము త్రిప్పి క్రిందికి దించి, నా యంచు నా గాడిలో జొనిపెను. త్రిప్పక యూరక మడిచినచో నా పచ్చిమాంసపు వైపు వెలికి వచ్చెడిది. తాంబూలమున వేసికొను కాచును నీట మెత్తపఱచి, గుడ్డపేలికలపై బూసి, అయిదాఱింటి నొకదానిపై నొకటిగా అతుకుపై నంటించెను. నాలుగు దినములు అది దప్ప వేఱు కట్టు లేదు. ఆపై నేతిలో ముంచిన గుడ్డలు వేసిరి. అయిదాఱు దినములు రోగి వెల్లకిల పరుండవలసి వచ్చెను. పదియవ దినమున, ముక్కుపుటములు పూడిపోకుండ మెత్తని గుడ్డముక్కలు వానిలో నుంచిరి. ఆ నాళ్లలో నన్నెవరు తాకినను ఆ స్పర్శ నుదుటనే తోచెడిది. నరములు పాతదారినే పోవుచుండెను గదా! క్రొత్తచోటి రక్తనాళములు నాలోనికి ప్రాకి నన్ను పోషింప నేర్చిన పిమ్మట, ఇంచుమించు ఇరువదియైదవ దినమున, ఆ పట్టెను కోసిరి. అంతటితో నేను ముక్కునైతిని.

ఇట్టి జన్మమెత్తినవారిలో నేను మొదటిదానను గాను. ముక్కు కొలతకు ఆకును గ్రహించి, అంత పరిమాణముగల చెక్కిలిచర్మమును, మూల మంటియుండగనే లేపి యతుకవలెనని సుశ్రుతుడు ఏనాడో విధించెను. నా ముచ్చటను బొంబాయి ప్రెసిడెన్సీ వైద్యులగు క్రూసో, ఫిండ్లే యనువారు చూచిరి; జేమ్స్ వేల్స్ చిత్రించెను; 1794 అక్టోబరున లండనులోని జెంటిల్మన్స్ మేగజైన్ ప్రకటించెను. 1814లో కార్ప్యూ అను శస్త్రవైద్యు డీ పద్ధతినే లండనులో ప్రయోగించి, రెండేండ్లకు గ్రంథము వెలువరించెను. నేడును, క్యాన్సరు తొలగించిన ముక్కున పెద్దలోటు మిగిలినపుడు, రంగును మందమును సరిపడునది ఇరుగుచర్మమే యని యెంచి వైద్యులు నుదుటినుండి ఫ్లాపును, అనగా మూల మంటియున్న చర్మఖండమును, దించుదురు. సాధారణముగా మూడు వారములు గడచినగాని దాని కాడను కోయరు.

దూరపు చర్మమును తెచ్చి యతుకుటకన్న, దగ్గఱి చర్మమును దాని నెత్తుటితోడనే నడిపించుట మేలని తెలిసిన ఆ చేతికి నేను ఋణపడియున్నాను. కావస్జీ పేరును, చూచిన వైద్యుల పేర్లును, చిత్రకారుని పేరును చరిత్రలో నిలిచినవి. నన్ను మలచినవానిని గూర్చి ఆ పత్రిక కులమును వ్రాసెను, పేరు వ్రాయలేదు.