ఎక్కడో చదివాను: టీకా తాత్పర్య సహితము

మూలము: “సేకరణ: ఎక్కడో చదివాను, బాగుందని పంచుకుంటున్నాను.”

ప్రతిపదార్థము: సేకరణ = ఇతరుల కష్టము; ఎక్కడో = గ్రంథము, కర్త, కాలము ఏవియు చెప్పనక్కరలేని చోట; చదివాను = సగము వరకు చూచితిని; బాగుందని = నిజమో కాదో విచారింపక; పంచుకుంటున్నాను = నా ఖాతాలో వేసికొనుచున్నాను. కర్త లుప్తము. కష్టము రాసినవానిది, లైకులు పంపినవానివి అని అన్వయము.

తాత్పర్యము: హైదరాబాదులోని ఆబిడ్స్ గురించి ఫోన్లలో తిరిగే రాతల్లో రెండు సంగతులు తరచూ జంటగా కనబడతాయి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులోని ఆల్బర్ట్ ఆబిడ్ అనే అర్మేనియన్ ఇక్కడ దుకాణం పెట్టాడు కనుక పేటకు ఆ పేరు వచ్చిందన్నది ఒకటి. ఏడవ నిజాం తండ్రిగారి జోడులో జాకబ్ వజ్రం దొరికితే, దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడుకున్నాడన్నది రెండోది. రెండూ ఒకే ధీమాతో చెబుతారు గాని రెంటి బలమూ ఒకటి కాదు. ఆరవ నిజాంతో ఆ వజ్రం బేరం చెడి 1891లో కలకత్తా హైకోర్టుకెక్కింది. అమ్మబోయిన సిమ్లా వ్యాపారి అలెగ్జాండర్ మాల్కం జాకబ్ మీద నేరం మోపారు, ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ బేరంలో మధ్యవర్తి మన ఆబిడే. అతను ఎవరు, నిజాం దగ్గర అతని పలుకుబడి ఎంత అన్నదానికి వెతుక్కోగలిగిన చోటు ఒకటుందన్నమాట: ఆ కేసు, దాని గురించి నాటి పత్రికలు రాసిన రాతలు. జోడు కథకు అలాంటి చోటేదో ఈ రాతలు చెప్పవు. ఒక్క లింకు పెట్టి ఉంటే చదువరి రెంటినీ తనే విడదీసుకునేవాడు. అది లేనందువల్ల కోర్టు దాకా వెళ్లిన వ్యవహారం కూడా జోడు కథ పక్కనే, అదే వరసలో కూర్చుంది. మూలం చెప్పకపోతే అబద్ధానికి పోయేదేమీ లేదు, నష్టపోయేది నిజమే. నా వాదమంతా ఇంతే. లింకును అసలు రచయితకు పెట్టే దండంగా చూస్తాం గాని, దాని మొదటి ప్రయోజనం చదివేవాడికి. నన్ను నమ్మక్కర్లేదు, వెళ్లి చూసుకో అని వాడికి అధికారం ఇచ్చినవాడి మాటే నిలబడుతుంది.

ప్రమాణము: మూలం చెప్పడం కంప్యూటర్లు నేర్పిన బుద్ధి కాదు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన కోలాచలం మల్లినాథసూరి, మెదక్ దగ్గరి కొల్చారం వాడంటారు, ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చి మొదలుపెట్టాడు. (రెండో నియమం మన టీకాకారులెవరూ పాటించినట్టు లేదు, ఈ టీకాకారుడితో సహా.) పదానికి అర్థం చెప్పగానే ‘ఇత్యమరః’ (అమరసింహుడి నిఘంటువు మాట ఇది) అంటాడు, లేదా విశ్వకోశమనే నిఘంటువు పేరెత్తుతాడు. అదే ఆనాటి లింకు. అమరం కంఠస్థమైన విద్యార్థి అక్కడికక్కడే సరిచూసుకోగలడు కాబట్టే ఆ రెండు ముక్కలకు అంత విలువ. ఇటు హైదరాబాదులో 1926 నుంచి గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డిదీ అదే పద్ధతి. తెలంగాణలో తెలుగు కవులు లేరని ముడుంబై వెంకటరాఘవాచార్యులు రాస్తే, ఉన్నారు పొమ్మని ఒక సంపాదకీయంతో ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చువేశాడు. కోపంతో రాసిన జవాబుకు ఎదురు జవాబు రాయవచ్చు. 354 పేర్లకు రాయాలంటే ఒక్కొక్క పేరూ పట్టుకుని బయలుదేరాలి.

శంక: లింకు పెడితే చదువరి అటే పోతాడు, మళ్లీ రాడు కదా? పోనీండి. మూలం చూడగానే అక్కర్లేకుండా పోయే రాత ఎలాగూ నిలిచేది కాదు.

మరొక శంక దీనికంటే గట్టిది. మూలం పేరు ఎవడైనా తగిలించవచ్చు. వేమన మకుటం ఉన్న పద్యాలన్నీ వేమనవేనా? కావు. మకుటం తగిలిస్తే చాలు, ఎవరి పద్యమైనా ఆయన ఖాతాలో పడింది. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చువేయడానికి ముందు రాతప్రతులు ముందేసుకుని ఏరుకోవలసి వచ్చింది. సమాధానం: మకుటం పేరు చెబుతుందే గాని చోటు చూపదు, కాబట్టి అది లింకు కాదు. నిజమైన లింకు దొంగదైతే, నొక్కినవాడికి దొరికిపోతుంది. ‘ఎక్కడో’ అన్నవాడు మాత్రం ఎప్పటికీ దొరకడు.

ఇక లింకులు చచ్చిపోతాయంటారు. నిజమే. 2009లో యాహూ జియోసిటీస్ మూసేసినప్పుడు ఎన్నో సొంత పేజీలు వాటికి దారిచూపే లింకులతో సహా పోయాయి. అమరసింహుడి పేరుకు ఆ గతి పట్టలేదు, ఎందుకంటే అది ఏ ఒక్క చిరునామా మీదా ఆధారపడలేదు. అందుకని లింకు ఒక్కటే సరిపోదు. దాని పక్కన గ్రంథం పేరు, రాసినవారి పేరు, ఏడాది అక్షరాలా ఉండాలి. లింకు పోయినా పేరు పట్టుకుని వెతకవచ్చు.

కాబట్టి చదువరులారా, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకంలోంచి నాలుగు ముక్కలు ఎత్తి రాస్తున్నా సరే, దాని పేరు, అచ్చయిన సంవత్సరం, పుట సంఖ్య వేయండి. నెట్‌లో ఉంటే లింకూ ఇవ్వండి. జోడు కథ రాయక తప్పదనుకుంటే, ‘అని చెప్పుకుంటారు’ అన్న రెండు మాటలు చేర్చి రాయండి.