ప్రభుత్వమును ప్రేమింపనివారి సంగతి

ప్రజలు తమ్ము ప్రేమింపవలెనను కోరిక ప్రభుత్వములకు సహజమే గాని, అప్రీతి పుట్టించువానిని కారాగృహమున నుంచి ప్రేమ నేర్పవచ్చునను నూహ 1870లో తెల్లదొరలకు తోచి, 124-ఏ సెక్షనను పేర శిక్షాస్మృతిలో చేరినది. ఆ పాఠము తెలుగునాట తొలుత నేర్చినవారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగా రగ్రగణ్యులు. 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలోని వ్యాసమునకు క్రింది కోర్టు ఆరునెలలు చాలునన్నది. దొరతనపు మర్యాద కది మరీ చౌకయని కాబోలు, హైకోర్టు మూడేండ్లు చేసినది.

దొరలు పోయిరి గాని ప్రేమకాంక్ష పోలేదు. అల్లరికి పురికొల్పనిదే ఉత్త విమర్శ నేరము గాదని కేదారనాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1962లోనే తేల్చినను, మన తాడేపల్లిగూడెము గూడ చేరియున్న నరసాపురము నియోజకవర్గపు పార్లమెంటు సభ్యులు రఘురామకృష్ణరాజుగారిని, 2021 మే 14న, వారి పుట్టినరోజుననే, రాష్ట్ర సి.ఐ.డి.వారు హైదరాబాదులోని యింటికేగి యీ సెక్షను క్రిందనే పట్టుకొనిపోయిరి. 175 స్థానములలో 151 గెలిచిన ప్రభుత్వము, తన టిక్కెట్టుపై గెలిచిన యొక్క సభ్యుని మాటలకు కూలిపోదునని భయపడుట వినయమునకు పరాకాష్ఠ. ఆ మాటలు ప్రసారము చేసిన రెండు టీవీ ఛానళ్లపైనను కేసు పెట్టిరి. చూచినవారి నెందులకు విడిచిరో తెలియదు.

మా కామవరపుకోట మెట్టలో పామాయిలు గెలల ధర పడిపోయిన నాడు, ట్రాక్టరు దిగకుండగనే రైతు మంత్రివర్యుల వంశవృక్షమును వేరు మొదలు చిగురు వరకు పఠించును. టీకొట్టువాడు గ్లాసులు కడుగుచునే "ఈ గవర్నమెంటుకి పోయేకాలం వచ్చిందండీ" యని శ్రుతి కలుపును. సెక్షను నక్షరము పొల్లుపోక నడపినచో ఊరికొక జైలు కట్టింపవలసివచ్చును. బిల్లు రాలేదని తిట్టు కాంట్రాక్టరును గూడ అందులోనే వేయవలసివచ్చును.

2022 మే 11న, తెలుగువారే యైన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణగారి ధర్మాసనము ఆ సెక్షనును నిద్రబుచ్చినది. 2024 జులై 1న అది భారతీయ న్యాయసంహితలో 152గా మేల్కాంచినది. యావజ్జీవము అటులే యున్నది, మూడేండ్లున్నచోట ఏడేండ్లైనవి. నిద్ర ఒంటికి పట్టినది కాబోలు!

నాడు పట్టుబడిన రఘురామకృష్ణరాజుగారికి వారము దినములకే సుప్రీంకోర్టు బెయిలిచ్చినది. 2024లో వారు ఉండి నుండి శాసనసభకు గెలిచి, నవంబరులో ఉపసభాపతులైరి. సభాపతి లేని వేళ ఎవరికి మైకియ్యవలెనో, ఎవరి మైకు కట్టివేయవలెనో నిర్ణయించువారు వారే. అది చూచి మా చోటా నాయకులు కొందరు, తమపై గూడ అట్టి కేసొకటి పెట్టింపుడని పెద్దల గుమ్మముల చుట్టు తిరుగుచున్నారు. వారి షరతొక్కటే: బెయిలు మాత్రము వారము దాటరాదట.