అంబాసిడర్ స్తంభన పద్యం: టీకా తాత్పర్యం

మూలం

ఆ. చల్లగుండ నడచు సలసల కాగితే
నిలుచు దారి నడుమ నెంత తిట్ట
కొంతసేపు విడువ గుర్రమై పరుగెత్తు
దీని గుట్టు నాకు తెలుపు మేస్త్రి

అవతారిక

1958 నుంచి 2014 దాకా ఉత్తరపరలో పుట్టిన అంబాసిడర్ వంశంలో మార్క్ 4 శాఖకు చెందిన 1489 సీసీ పెట్రోలు బండి ఒకటి తిరుమల ఘాటు ఎక్కుతూ మలుపులో ఆగిపోగా, వెనక హారన్లు మోగుతుండగా దాని యజమాని ఆశువుగా చెప్పిన పద్యమిది. కవి పేరు తెలియరాలేదు. బండి ఆగినచోట పేరు చెప్పుకొనే ఆచారం మన వాళ్లలో లేదు.

ప్రతిపదార్థం

చల్లగ + ఉండ = తెల్లవారుజామున చోకు లాగి స్టార్టు చేసిన వేళ; నడచు = నడుచును; సలసల కాగితే = టెంపరేచరు ముల్లు పైకి లేచిన పిమ్మట; దారి నడుమన్ = పక్కకు తీయడానికి జాగా లేనిచోట; నిలుచు = ఇంజను ఆగిపోవును; ఎంత తిట్ట = ఎన్ని తిట్లు తిట్టినను; కొంతసేపు విడువ = బానెట్టు ఎత్తి ఊరుకొన్నచో; గుర్రమై = మునుపటి సత్తువతో; పరుగెత్తు = పరుగెత్తును; మేస్త్రి = ఓ మెకానిక్కా!; దీని గుట్టు = ఈ రోగకారణమును; నాకు తెలుపు = నాకు చెప్పుము.

‘కాగితే’ వాడుక రూపం, ‘కాగిన’ అని ఉండాలని లాక్షణికులంటారు. వారెవరూ ఘాటులో బండి తోసినట్టు లేదు.

విశేషాలు

‘గుర్రమై’ అన్నచోట రూపకాలంకారం చూసి పండితులు ముందుకు వెళ్లిపోతారు. షెడ్డువాళ్లు అక్కడే ఆగాలి. కాసేపటికి బండి పూర్తి సత్తువతో లాగుతోందంటే కంప్రెషను, వాల్వులు, టైమింగు సరిగా ఉన్నట్టే. అరిగిన రింగులు పావుగంట విశ్రాంతితో బాగుపడవు. ఈ ఒక్క మాట చదువుకుంటే ఇంజను దింపే ఖర్చు తప్పుతుంది.

ఇక ‘సలసల’. దీనిమీద రెండు మతాలున్నాయి. పెట్రోలువాదులు ఇలా అంటారు: అంబాసిడర్‌లో పెట్రోలు లాగే ఏసీ పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది, కార్బొరేటరూ ఎగ్జాస్టు మానిఫోల్డూ ఒకే పక్కన ఉంటాయి. పెట్రోలులో తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మొదలెడతాయి. ఘాటులో సెకండు గేరు మీద, గాలి తగలకుండా పోతుంటే పైపులో పెట్రోలు ఆవిరై, పంపు ద్రవాన్ని లాగలేక ఆవిరినే నమిలి ఊరుకుంటుంది. ప్రమాణం? పంపు మీద తడిగుడ్డ వేయండి, స్టార్టవుతుంది. ఇది డ్రైవర్ల పరంపరలో తరతరాలుగా వస్తున్న ప్రయోగం.

కరెంటువాదులు దీన్ని ఒప్పుకోరు. వేడికి కాయిల్‌లో తీగ సాగి లోపల తెగుతుంది, చల్లారితే మళ్లీ అంటుకుంటుంది. లేదా కండెన్సర్ వేడికి చేతులెత్తేసి, పాయింట్ల దగ్గర మంట లేచి, ప్లగ్గుకు చేరాల్సిన స్పార్కు నీరసిస్తుంది. మరి తడిగుడ్డ మాటేమిటంటే, మీరు క్యాను పట్టుకుని నీళ్లు వెతికి, తెచ్చి, గుడ్డ తడిపేలోగా కాయిలూ చల్లారింది కదా అని వారి జవాబు. దీన్ని ఖండించడం కష్టం. బండిని బాగుచేసింది గుడ్డా, గుడ్డ కోసం పోయిన పావుగంటా అన్నది ఆ ప్రయోగంలోనే తేలదు.

ఈ చిక్కు విప్పే తాళం ‘ఎంత తిట్ట’లో ఉంది. యతి కోసం వేసిన వ్యర్థపదమని కొందరు దీన్ని కొట్టేశారు. నా మట్టుకు పద్యానికి ప్రాణం ఇదే. ఈ రోగం బండి ఆగి ఉన్న ఆ కొద్ది నిమిషాలే కనబడుతుంది, మేస్త్రి వచ్చేసరికి ఇంజను చల్లారి ఏ లక్షణమూ మిగలదు. ఆ నిమిషాలనే కవి తిట్లకు ఖర్చుపెట్టాడు. చేయవలసింది ఇది: ఆగిన వెంటనే ఎయిర్ క్లీనరు తీసి, కార్బొరేటరు గొంతులోకి చూస్తూ యాక్సిలరేటరు లింకు లాగాలి. సన్నని ధారగా పెట్రోలు చిమ్మితే ఫ్లోటు గిన్నెలో పెట్రోలున్నట్టే, పెట్రోలువాదుల పక్షం చాలావరకు వీగింది. తర్వాత డిస్ట్రిబ్యూటర్ నడిమి వైరు పీకి, ఇంజను ఇనుముకు అరసెంటీమీటరు దూరంలో పట్టి సెల్ఫు కొట్టించాలి. నీలంగా టపటపలాడితే కరెంటు బాగున్నట్టు. పసుపుగా, పీలగా ఉంటే కండెన్సరో కాయిలో. రెండు పరీక్షలూ ఒకేసారి చేయరాదు. పెట్రోలు తడి ఉన్నచోట స్పార్కు చూసినవాడు తన వ్యాఖ్యానం పూర్తిచేయలేడు.

ఇక మూడో మతం, వినేవాళ్లు తక్కువ. ‘సలసల కాగితే’ అని కవి అనుకున్నాడే గాని, బండి కాగడమూ, దూరం పోవడమూ కలిసే జరుగుతాయి. ట్యాంకు మూతకు గాలి పీల్చే రంధ్రం మట్టితో పూడితే, పెట్రోలు తగ్గినకొద్దీ లోపల శూన్యమేర్పడి పంపు లాగలేకపోతుంది. కాసేపు ఊరుకుంటే సందుల్లోంచి గాలి దూరి మళ్లీ నడుస్తుంది. అంటే వేడి నేరం చేయకుండానే నింద మోస్తోంది. ఆగినప్పుడు మూత తిప్పండి. సుయ్‌మని గాలి లోపలికి దూసుకుపోతే దోషి దొరికినట్టే. మార్గశిరమాసపు తెల్లవారుజామున చదును రోడ్డు మీద నడిపినా దాదాపు అదే దూరానికి ఆగితే కూడా ఈ అనుమానమే బలపడుతుంది. ట్యాంకు అడుగున తుప్పు లేచి జాలీకి అడ్డంపడడం ఈ మతానికే ఉపశాఖ.

పాఠభేదం

మొదటి పాదాన్ని ‘చల్లగుండ నడచు సిగ్నలు రాగనే’ అని హైదరాబాదు ప్రతులలో చదువుతారు. యతి చెడింది, రోగమూ మారింది. సిగ్నలు దగ్గర మాత్రమే ఆగితే స్లో జెట్టులో నలుసు, మానిఫోల్డు దగ్గర గాలి లీకు, తక్కువ పెట్టిన ఐడిలింగు, ఇవీ చూడవలసినవి. ఘాటు పాఠానికి రాసిన టీకాతో సిగ్నలు పాఠాన్ని వైద్యం చేసిన షెడ్లు చాలా ఉన్నాయి.

‘ఇదంతా ఈ20 పెట్రోలు మహిమ’ అన్న వాక్యం కొన్ని ప్రతుల అంచున కనబడుతుంది. ఇథనాల్ ఎక్కువగా కలిపిన ఆ పెట్రోలు బంకుల్లోకి వచ్చింది 2023లో కాబట్టి అంతకుముందు ఆగిన బండ్ల విషయంలో ఇది ప్రక్షిప్తం. అయినా కొట్టేయడానికి లేదు. ఇథనాల్ నీటిని పీలుస్తుంది, ట్యాంకులో ఏళ్ల నాటి మడ్డిని కదిలించి ఫిల్టరుకు పంపుతుంది, దానికోసం చేయని పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది.

తాత్పర్యం

ఓ మేస్త్రీ! చల్లగా ఉన్నప్పుడు నడిచి, వేడెక్కితే నడిరోడ్డున నిలిచి, కాసేపు వదిలితే మళ్లీ పరుగెత్తే ఈ బండి రహస్యమేమిటో చెప్పుమని భావం.

మేస్త్రి చెప్పిన బదులు పద్యం దొరకలేదు. దొరికింది బిల్లు. అందులో ఏసీ పంపు కిట్టు, పాయింట్లు, కండెన్సర్, కాయిల్, ప్లగ్గులు, పెట్రోలు ఫిల్టరు, ట్యాంకు కడుగుడు అని వరసగా ఉంది. బండి ఆ తర్వాత ఆగలేదు. ఇన్నీ ఒకే పూట మార్చాక దోషి ఎవరో తేల్చడం ఏ వ్యాఖ్యాత తరమూ కాదు. బిల్లు చివర ‘మూత కొత్తది’ అని చిన్న అక్షరాలతో ఉంది, దాని కింద అంకె చెరిగిపోయింది.